కౌబాయ్ కార్టర్: ఈ బొంతలో ఏ అతుకు నిలిచింది, ఏ కుట్టు ఊడింది

అమెరికన్ గాయని బియాన్సే ఆల్బమ్ ‘కౌబాయ్ కార్టర్’ 2024 మార్చి 29న విడుదలైంది. 27 ట్రాకులు, 78 నిమిషాల పైచిలుకు. 2022లో హౌస్ (క్లబ్బుల్లో ఆడే ఎలక్ట్రానిక్ డాన్స్ సంగీతం), డిస్కో సంగీతం మీద చేసిన ‘రెనసాన్స్’ మొదటి అంకమైతే ఇది రెండో అంకం. పాటల పేర్లలో ‘ఐ’ అక్షరం జంటగా కనబడేది అందుకే, అది రోమన్ అంకె రెండు. ఇది కంట్రీ ఆల్బమ్ కాదు, బియాన్సే ఆల్బమ్ అని విడుదలకు ముందే ఆవిడ చెప్పేసింది. గొప్పలు పోతోందని ఆ మాటను కొట్టిపారేసినవాళ్ళు చాలామంది. మందు సీసా మీద రాసే వాడుక విధానంలా దాన్ని చదువుకోవడం మేలు. 78 నిమిషాలూ బాంజో, ఫిడేలు వినబడతాయని కూర్చున్నవాళ్ళు సగంలోనే లేచిపోతారు.

ఇది బొంత లాంటి ఆల్బమ్. కంట్రీ, గాస్పెల్, బ్లూస్, సర్ఫ్ రాక్, ఇటాలియన్ ఏరియా (ఒపేరా తరహా ఏకగానం), బ్రెజిల్ ఫంక్, హౌస్, ట్రాప్ (హిప్‌హాప్‌లో ఒక శాఖ) అన్నీ ఒకే దుప్పటిలో కుట్టేశారు. బొంత కుట్టిన చేతులకు తెలుసు, ముతక నూలు చీర పక్కన జారే పట్టుముక్క పెడితే నాలుగు ఉతుకులకే కుట్టు విడిపోతుంది. కాబట్టి ఎన్ని రకాల గుడ్డలు పట్టుకొచ్చిందన్న లెక్క పక్కన పెట్టి, ఏ రెండు ముక్కలు ఒకదాన్నొకటి పట్టుకున్నాయో చూడాలి. పట్టుకున్నవి చాలానే ఉన్నాయి, పట్టుకోనివీ ఉన్నాయి.

కౌబాయ్ అంటే మనకు 1971లో టోపీ పెట్టి గుర్రమెక్కిన కృష్ణ గుర్తొస్తారు, ఈల పాటతో మొదలయ్యే నేపథ్య సంగీతం గుర్తొస్తుంది. అది ఇటలీ వాళ్ళు తీసిన వెస్టర్న్ సినిమాల నుంచి వచ్చిన చప్పుడు. అమెరికా కంట్రీ సంగీతం వేరు. అందులో ప్రధానంగా వినబడేవి అకూస్టిక్ గిటార్, ఫిడేలు, బాంజో, పెడల్ స్టీల్. వాటి మీద కథ చెబుతున్నట్టు నడిచే పాట. బాంజో విషయంలో మనవాళ్ళకు ఇంకో తికమక. ఇక్కడ బ్యాండు మేళాల్లో బెంజో అని పిలిచేది మీటలు నొక్కి వాయించే బుల్‌బుల్ తరంగ్. అమెరికా బాంజో డప్పు మీద మెడ బిగించినట్టుండే వాద్యం. పశ్చిమ ఆఫ్రికాలో సొరకాయ బుర్రకు తోలు బిగించి చేసే తంత్రీ వాద్యాలు బానిసల వెంట సముద్రం దాటి వచ్చి ఇలా మారాయి. తర్వాత తెల్లవాళ్ళ చేతికెళ్ళి, కంట్రీకి గుర్తుగా స్థిరపడింది. కంట్రీ వేళ్ళు నల్లవాళ్ళ సంగీతంలోనూ ఉన్నాయన్నది ఆల్బమ్ వాదన, అది మొత్తం ఈ ఒక్క వాద్యం కథలోనే ఉంది.

అందుకే ‘టెక్సాస్ హోల్డెమ్’ మొదటి క్షణాలు ముఖ్యం. 2024 ఫిబ్రవరి 11న, అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ అయిన సూపర్‌బౌల్ రాత్రి వదిలిన పాట ఇది. పాట బాంజోతోనే తలుపు తీస్తుంది, వాయించింది రియానన్ గిడెన్స్. నల్లజాతివాళ్ళ పాత బాంజో బాణీలను తవ్వి తీసి మళ్ళీ వాయిస్తున్న కళాకారిణి ఆమె. ఈ పాటలో వయోలా కూడా ఆమెదే. ఆమె పేరు క్లాహామర్ పద్ధతికి ప్రసిద్ధి. ఆ పద్ధతిలో వేలిగోటి వెనుకవైపుతో తీగను కిందికి కొడతారు, బొటనవేలు పొట్టిగా ఉండే అయిదో తీగను మీటుతుంది. మూడువేళ్ళతో గలగలమని ఒలికించే బ్లూగ్రాస్ పద్ధతిలో మెరుపు ఎక్కువ, క్లాహామర్‌లో నడక ఎక్కువ. కుంచం కొలిచినట్టు దెబ్బ దెబ్బకీ ఒకే ఎడం. దాని కింద చెక్క నేల మీద బూటు కాలు కొట్టిన చప్పుడు, చప్పట్లు. క్లబ్బు పాటలో కిక్ డ్రమ్ము చేసే పని ఇక్కడ కాలు చేస్తుంది. కుట్టు నిలిచిందంటే ఇదీ. డాన్స్ పాట ఎముకలు, కంట్రీ పాట ఎముకలు ఒకటేనని చెప్పడానికి మాటలు అక్కర్లేకపోయింది. ఈ పాటతోనే బిల్‌బోర్డ్ హాట్ కంట్రీ సాంగ్స్‌లో మొదటి స్థానం తొలిసారి ఒక నల్లజాతి మహిళకు దక్కింది. సాహిత్యం మాత్రం పలచన. పేకాట, విస్కీ, బారు, వర్షం, అంతకుమించి లేదు. వరుసలో నిలబడి ఆడే లైన్ డాన్స్ పాటకు అంతకన్నా ఎక్కువ అవసరం ఉండదు కూడా.

అదే రోజు వచ్చిన ‘సిక్స్‌టీన్ క్యారేజెస్’ దీనికన్నా గట్టిది, పాటగా రెండు మెట్లు పైన. పదిహేనేళ్ళకే ఇల్లు వదిలి పనిలోకి దిగిన పిల్ల పాట. గిటారు, గొంతు మాత్రమే ఉన్న చోటు నుంచి ఒక్కసారిగా పెద్ద దెబ్బలు పడతాయి, దెబ్బకీ దెబ్బకీ మధ్య గది ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీలో పాకేది పెడల్ స్టీల్. బల్ల మీద పడుకోబెట్టిన గిటారు లాంటిది. ఎడంచేతిలో లోహపు కడ్డీ తీగల మీద జారుతుంటుంది, పాదాల కింది పెడళ్ళు, మోకాళ్ళ దగ్గరి లీవర్లు తీగల బిగువును మారుస్తాయి. అంటే ఒక తీగ జారుతుంటే పక్క తీగ కదలకుండా ఉండగలదు. మన చిత్రవీణ విన్న చెవికి ఈ జారు పరాయిగా తోచదు. మెట్లు లేని తీగ మీద దండం జార్చడమే అక్కడా ఇక్కడా. తేడా ఏమిటంటే మనం స్వరం నుంచి స్వరానికి జారతాం, వాళ్ళు తీగల గుత్తి నుంచి గుత్తికి జారతారు. వాయించిన రాబర్ట్ రాండాల్ఫ్ కంట్రీకి రాజధాని లాంటి నాష్‌విల్ స్టూడియోల మనిషి కాదు, నల్లవాళ్ళ చర్చిల్లో ఆర్గాన్‌కు బదులు స్టీల్ వాయించే ‘సేక్రెడ్ స్టీల్’ సంప్రదాయం నుంచి వచ్చినవాడు. అందుకే ఆ స్టీల్ ఏడ్చినట్టుండదు, ప్రార్థనలో గొంతెత్తినట్టుంటుంది. ఫోన్ స్పీకర్లో ఇది విని బాగాలేదనకండి. ఆ పెద్ద దెబ్బల అడుగు శబ్దం అందులో వినబడదు, అది పోతే పాట నడుం విరిగినట్టే. కనీసం చెవికి బిగుతుగా పట్టే ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి.

మొదటి ట్రాకు ‘అమెరికన్ రిక్వియెమ్’కీ అదే నియమం. గొంతు మీద గొంతు వేసి గోడ కట్టారు, చిన్న స్పీకర్లో అది ముద్దగా వినబడుతుంది. దాని తర్వాత వచ్చే ‘బ్లాక్‌బర్డ్’ ప్రయోగం జోలికి వెళ్ళదు. 1968 నాటి బీటిల్స్ రికార్డింగులోంచి పాల్ మెకార్ట్‌నీ గిటారును, కాలి తాళాన్ని యథాతథంగా తీసుకుని పైన కొత్త గొంతులు పెట్టారు. ట్యానర్ అడెల్, బ్రిట్నీ స్పెన్సర్, టియెరా కెనెడీ, రేనా రాబర్ట్స్, నలుగురూ కంట్రీ పాడే నల్లజాతి అమ్మాయిలు. అమెరికా పౌరహక్కుల పోరాటం మనసులో పెట్టుకుని రాశానని మెకార్ట్‌నీ చెప్పిన పాట అది. పాత గుడ్డ మీద కొత్త దారం, అంతే. రెండు నిమిషాల్లో అయిపోతుంది, అంతకంటే పొడుగు ఉంటే చెడేది.

ఆరో ట్రాకు దగ్గర వేలు స్కిప్ బటన్ మీదికి వెళుతుంది. ‘స్మోక్ అవర్’, నిమిషం లోపు. రేడియో మర తిప్పుతుంటే స్టేషన్లు మారినట్టు పాత ముక్కలు దొర్లుతాయి, చివర కంట్రీ పెద్దాయన విల్లీ నెల్సన్ గొంతు. దాటేయకండి. ఆ ముక్కల్లో గిటారు పట్టిన నల్లజాతి గాస్పెల్ గాయని సిస్టర్ రొజెట్టా థార్ప్ ఉంది, చక్ బెర్రీ ‘మేబెలీన్’ ఉంది. 1955 నాటి ఆ మేబెలీన్‌ను ‘ఐడా రెడ్’ అనే పాత ఫిడేలు పాట ఆధారంగా కట్టారు. రాక్ అండ్ రోల్‌కు పునాది రాళ్ళలో ఒకటి, ఒక నల్లవాడు కంట్రీ బాణీ మీద కట్టిన పాట. ఈ సంగతి తెలిసి వింటే 27 ట్రాకుల మీద వచ్చిన సగం వాదోపవాదాలకు జవాబు ఇక్కడే దొరుకుతుంది. తెలియకపోతే రేడియో గరగర మాత్రమే. ఇది ఆల్బమ్ లోపమా, వినేవాళ్ళ లోపమా అంటే కొంత ఆల్బమ్‌దే. పజిల్ పెట్టినవాళ్ళు ఒక ఆధారమైనా వదలాలి.

‘బాడీగార్డ్’ 1970ల ఎఫ్ఎం రేడియో సాఫ్ట్ రాక్ వాసన వేసే పాట. ఆల్బమ్ మొత్తంలో శ్రమ కనబడని పాట ఇదొక్కటే, కారులో ఎన్నిసార్లు వేసినా విసుగు రాదు.

తర్వాత ‘జోలీన్’. పొరపాటు జరిగింది ఇక్కడ. 1973లో డాలీ పార్టన్ రాసి పాడిన పాటలో ఒక ఆడమనిషి, తనకంటే అందగత్తెను ‘నా మగణ్ణి తీసుకుపోకు’ అని బతిమాలుకుంటుంది. పాట బలమంతా ఆ నిస్సహాయత మీదే నిలబడింది. గిటారు వేళ్ళు గుండె దడలా వేగంగా కొట్టుకుంటుంటే పైన గొంతు వణుకుతుంది. బియాన్సే మాటలు మార్చింది. బతిమాలడం పోయి బెదిరింపు వచ్చింది. భయం లేని మనిషి బెదిరిస్తే వినేవాళ్ళకు కుతూహలం ఎందుకుంటుంది? కథ మొదటి చరణంలోనే ముగిసిపోయింది, మిగతా రెండు నిమిషాలు హెచ్చరికలు. బాణీ అదే, స్టీవీ వండర్ మౌత్ ఆర్గాన్ ఉంది, గొంతుకు వంక పెట్టలేం. అయినా పాట నడవదు. పాత పాటను కొత్త బాణీలో పాడితే ఒక తంటా, అదే బాణీలో కొత్త మనసుతో పాడితే ఇంకో తంటా. ఇది రెండో రకం.

విచిత్రమేమిటంటే అదే కోపం వెంటనే వచ్చే ‘డాటర్’లో అద్భుతంగా పండింది. హత్య కథను పాటగా కట్టడం కంట్రీలో పాత ఆచారమే, మర్డర్ బ్యాలడ్ అంటారు. మెల్లగా మీటే గిటారు, కింద తీగ వాద్యాలు, తండ్రి లాగే తనలోనూ క్రూరత్వం ఉందని ఒప్పుకునే గొంతు. పాట నడుస్తూ నడుస్తూ ఉండగా ఇటాలియన్‌లోకి దూకుతుంది: ‘కారో మియో బెన్’, 18వ శతాబ్దపు ఏరియా. మన దగ్గర గీతాలు మొదలుపెట్టిన పిల్లలు ‘వరవీణా’ పాడినట్టు, పాశ్చాత్య కంఠ శిక్షణలో పిల్లలు తొలినాళ్ళలో నేర్చుకునే పాట అది. దేశవాళీ హత్య కథ మధ్యలో చర్చికి వెళ్ళొచ్చే ఇంటి పిల్ల పాఠం. రెండిటికీ తీగ వాద్యాలే వంతెన. వాటి మీదుగా ఒక లోకం నుంచి ఇంకో లోకానికి అడుగు తడబడకుండా దాటింది. అతుకు ఎక్కడుందో వెతకాల్సి వస్తుంది. 78 నిమిషాల్లో ఒక్క పాటే వినే తీరిక ఉందంటే ఇది వినండి.

‘స్పఘెట్టి’ ముందు లిండా మార్టెల్ మాట్లాడుతుంది, సంగీతంలో రకాలనే వాటిని ఎత్తిపొడుస్తూ. 1969లో కంట్రీ గాయకులకు పెద్ద పీఠమైన గ్రాండ్ ఓల్ ఆప్రీ వేదిక మీద పాడిన మొదటి నల్లజాతి సోలో గాయని ఆమె. 1970లో ఒక్క ఆల్బమ్ చేసి ఆ లోకం నుంచి తప్పుకుంది. ఆ మాట చెప్పడానికి ఆమెకన్నా అర్హులు లేరు. తర్వాత వచ్చేది బ్రెజిల్ ఫంక్ శాంపిల్ మీద ర్యాప్, చివర్లో గాయకుడు షబూజీ. పాటలో కంట్రీ అన్నది పేరులోనే, స్పఘెట్టి వెస్టర్న్ అని. బలంగా కొడుతుంది కానీ ముందున్న ‘డాటర్’కూ తర్వాతి ‘ఎలిగేటర్ టియర్స్’కూ మధ్య గోడలా నిలబడింది. జారే పట్టుముక్క అంటే ఇదే. షబూజీకి మాత్రం కలిసొచ్చింది. రెండు వారాల తర్వాత విడుదలైన అతని ‘ఎ బార్ సాంగ్’ ఆ ఏడాది బిల్‌బోర్డ్ హాట్ 100లో 19 వారాలు మొదటి స్థానంలో కూర్చుంది.

15 నుంచి 18 దాకా ఆల్బమ్ ఊపిరి తగ్గుతుంది. ‘జస్ట్ ఫర్ ఫన్’ బరువుగా నడుస్తుంది. మైలీ సైరస్‌తో పాడిన ‘టూ మోస్ట్ వాంటెడ్’లో రెండు గొంతుల గరుకుదనం బాగా కలిసింది, గ్రామీ కూడా వచ్చింది. ‘లీవైస్ జీన్స్’ గురించి చెప్పడానికేం లేదు. గిటారు నైల్ రాడ్జర్స్‌ది, పక్క గొంతు పోస్ట్ మలోన్‌ది, పాట ఎవరిదీ కాదు. ఎడిటింగ్ టేబుల్ మీద ఇక్కడ పది నిమిషాలు కత్తిరించి ఉంటే ఆల్బమ్‌కు మేలయ్యేది.

20వ ట్రాకు ‘యా యా’తో మళ్ళీ లేస్తుంది, లేవడం కాదు, ఎగురుతుంది. నాన్సీ సినాట్రా బూట్ల పాటలోంచి ముక్క, బీచ్ బాయ్స్ ‘గుడ్ వైబ్రేషన్స్’ నీడ, మీద 1960ల సోల్ గాయనుల అరుపు. మాటల్లో మాత్రం పని దొరకని మనిషి, తీసుకున్న జీతం సరిపోని ఇల్లు. ఈ వేగంలో ఆ మాటలు పట్టుకోవాలంటే యాప్‌లో సాహిత్యం తెరిచి పెట్టుకోక తప్పదు. ‘డెజర్ట్ ఈగల్’ నిమిషం పైచిలుకు, బేస్ గిటార్ ఫంక్, ముగిసిందని తెలిసేలోగా ముగుస్తుంది.

అక్కడి నుంచి వరుసగా నాలుగు పాటలు ఒకే పరుగు. రెనసాన్స్ నేల మీద కంట్రీ అడుగులు. ‘రివర్‌డాన్స్’లో గిటారు మీటు హౌస్ తాళానికి కాపలా కాస్తుంది. ఆల్బమ్‌లో బియాన్సే తన గోళ్ళ టకటకను కూడా తాళవాద్యంగా వాడిందని ప్రకటించారు. హెడ్‌ఫోన్స్‌లో అలాంటి చిల్లర చప్పుళ్ళు ఏరుకోవడం ఈ భాగంలో సరదా. ‘టూ హ్యాండ్స్ టూ హెవెన్’ 1990ల బ్రిటిష్ బృందం అండర్‌వరల్డ్ వారి టెక్నో పాట ‘బార్న్ స్లిప్పీ’ శాంపిల్ మీద తేలుతుంది. తీరు ధ్యానంలా ఉంటుంది, అయిదున్నర నిమిషాలు కాస్త ఎక్కువే.

‘టైరంట్’ దగ్గర ఆగాలి. అడుగున ట్రాప్ డ్రమ్ములు, గరగరమనే హై-హ్యాట్లు, ఇల్లు అదిరే బేస్. దాని మీద ఫిడేలు, చిన్న తిరుగుడు. ఫిడేలును ఇక్కడ అలంకారంగా వాడలేదు. ర్యాప్ పాటలో సింథ్ తిరుగుడు చేసే పనిని దానికి అప్పజెప్పారు. కమాను తీగను తాకేటప్పటి గీపు శబ్దం చెరిపేయకుండా ఉంచడమే కీలకం. దాన్ని నున్నగా చేసి ఉంటే కీబోర్డులో వాయించినట్టుండేది. టోపీ పెట్టుకున్న ట్రాప్ పాటలు అమెరికాలో బోలెడు, వాటిలో బాంజో చప్పుడు పైపూత. ఇక్కడ ఫిడేలు తీసేస్తే పాట కూలుతుంది.

‘స్వీట్ హనీ బకిన్’ మూడు ముక్కల పాట. ప్యాట్సీ క్లైన్ 1961 నాటి ‘ఐ ఫాల్ టు పీసెస్’ పల్లవి ఎత్తుగడతో మొదలై, బార్‌కు అయిదు కిక్కులు కొట్టే జెర్సీ క్లబ్ తాళంలో పడుతుంది. ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్ గ్రామీ తనకు రాలేదని ఇందులోనే ఎత్తిపొడిచింది. 2025 ఫిబ్రవరి 2న ఈ ఆల్బమ్‌కే ఆ గ్రామీ వచ్చింది, ఉత్తమ కంట్రీ ఆల్బమ్ కూడా. నాష్‌విల్ వాళ్ళ సీఎంఏ (కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్) అవార్డులు మాత్రం 2024లో ఒక్క నామినేషన్ కూడా ఇవ్వలేదు. చివరి ‘ఆమెన్’ మొదటి ట్రాకు రాగంలోకే తిరిగి వెళ్ళి ముగుస్తుంది.

ఇక వినే పద్ధతి. షఫుల్ ఆపేయండి, అది మొదటి షరతు. ఒక పాట తోకను తర్వాతి పాట తలతో కలిపే క్రాస్‌ఫేడ్ సున్నాకు తిప్పండి, పాటల మధ్య ఖాళీ రానివ్వని గ్యాప్‌లెస్ ఆన్ చేయండి. 6, 9, 14, 19 ట్రాకులు నిమిషంలోపు మాటల ముక్కలు. క్రాస్‌ఫేడ్ పది సెకన్లు ఉంటే 22 సెకన్ల డాలీ పార్టన్ మాటలు ఇటు కొంత అటు కొంత పోయి, ‘జోలీన్’ ఎందుకు వచ్చిందో కూడా తెలియదు. వాల్యూమ్ సమం చేసే సెట్టింగు ఉంటే ఆల్బమ్ మొత్తానికి ఒకేలా వర్తించేట్టు చూసుకోండి. స్పాటిఫైలో ఆల్బమ్‌ను వరుసగా వేస్తే అదే జరుగుతుంది, షఫుల్‌లో మాత్రం పాటకు పాట విడిగా సమం చేస్తుంది. అప్పుడు ‘బ్లాక్‌బర్డ్’ గట్టిపడి, ‘టైరంట్’ చప్పబడుతుంది, రెండిటి మధ్య ఉండాల్సిన ఎత్తుపల్లాలు చదునైపోతాయి. ఒక్కసారిగా 27 వద్దనుకుంటే 7, 3, 11, 20, 25 వరుసలో అయిదు పాటలతో మొదలుపెట్టండి. డాలస్, హ్యూస్టన్ తెలుగువాళ్ళు పిల్లలతో కారులో వేసేటట్టయితే ఎక్స్‌ప్లిసిట్ (పెద్దలకు మాత్రమే తగిన మాటలున్నాయన్న) ముద్ర ఉన్న సంగతి గుర్తుంచుకోండి. ‘స్పఘెట్టి’, ‘లీవైస్ జీన్స్’, ‘టైరంట్’ ముందే తీసేయడం నయం.

ఎల్పీ కొనేవాళ్ళకు ఒక హెచ్చరిక. మొదట అమ్మిన ఎల్పీల్లో అయిదు ట్రాకులు లేవు: ‘స్పఘెట్టి’, ‘ఫ్లమెంకో’, ‘ది లిండా మార్టెల్ షో’, ‘యా యా’, ‘ఓ లూసియానా’. అంటే 12వది పోయింది, 18 నుంచి 21 దాకా గంపగుత్తగా పోయాయి. ‘లీవైస్ జీన్స్’ అయిపోగానే సూది నేరుగా ‘డెజర్ట్ ఈగల్’ మీద పడుతుంది. నీరసించిన చోటు అలాగే ఉండి, లేపి కూర్చోబెట్టే ‘యా యా’ మాయం. లిండా మార్టెల్ గొంతు అసలు వినబడదు. తొలి సీడీల్లోనూ కొన్ని పాటలు తక్కువ. సెకండ్‌హ్యాండ్‌లో కొంటుంటే అట్ట వెనక ‘యా యా’ పేరు ఉందో లేదో చూసి డబ్బు ఇవ్వండి. లేకపోతే అది అట్ట మీది తెల్ల గుర్రం బొమ్మ కోసం కొన్నట్టే. బొమ్మ బాగుంటుంది, కాదనలేం.